బగ్గులు కాదు, దాపరికం

ఎథిక్స్ పేపర్‌లో జవాబుదారీతనానికి ప్రతిసారీ సత్యం కంప్యూటర్స్ కేసే రాస్తున్నారా? ఇది కూడా నోట్ చేసుకోండి.

2015లో 'ది విచర్ 3'తో పోలండ్ స్టూడియో సీడీ ప్రాజెక్ట్ రెడ్ గొప్ప పేరు తెచ్చుకుంది. ఆ నమ్మకంతోనే 'సైబర్‌పంక్ 2077'కి 80 లక్షల ముందస్తు ఆర్డర్లు వచ్చాయి. 2020 డిసెంబర్ 10న విడుదలైంది. పీఎస్4లో ఆట మాటిమాటికీ ఆగిపోయేది. వారానికే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది.

ఇక్కడ పుదుచ్చేరిలో నాతో చదివే యానాం మిత్రుడు "బగ్గులు ఎవరికి రావు?" అంటాడు. వస్తాయి. నన్ను నిరాశపరిచింది అవి కాదు. విడుదలకు ముందు సమీక్షకులకు ఇచ్చినవి పీసీ కాపీలే. పీఎస్4లో ఎలా నడుస్తుందో కొనేవాడికి తెలిసే దారే లేదు.

మన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(28) చూడండి. ముఖ్య సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనే. చిక్కంతా ఆ 'ఉద్దేశపూర్వకంగా' దగ్గరే. తమ పరీక్షల్లో ఈ లోపాలు చాలావరకు కనబడలేదని 2021 జనవరిలో సంస్థ క్షమాపణ చెప్పింది. పీఎస్4లో ఆడినవాళ్లకు ఆ మాట మింగుడుపడదు. తర్వాత ఆటను బాగుచేశారు, నిజమే.

మీరే అక్కడ టెస్టింగ్ అధికారి అయితే డిసెంబర్ 9న ఏం చేసేవారు? 150 పదాల్లో రాసి చూడండి.