వినిపించే అక్షరం

చదువు అనగానే చూపు గుర్తుకు రావడం మనకు సహజం. కాని చెవితో చదివేవారు కూడా ఈ లోకంలో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో దృష్టిలోపం గలవారు సుమారు 50 లక్షల మంది. తెరమీది వాక్యాన్ని పైకి చదివి వినిపించే సాధనాలు వీరికి నేడు అందుబాటులో ఉన్నాయి. వాటిలో ఎన్.వి.డి.ఏ. అనే ఉచిత సాధనాన్ని 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కర్రన్ అనే అంధ యువకుడు ప్రారంభించాడు. సెల్‌ఫోన్లలో టాక్‌బ్యాక్ కూడా ఇదే పని చేస్తుంది. అయితే సాధనం ఎంత గొప్పదైనా, చదవదగిన రీతిలో రాసి ఉన్నదానినే అది చదవగలదు.

ఈ సంగతి నాకు బోధపరచినది నా విద్యార్థిని. ఆమెది ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘంతో పేరు పొందిన ఊరు అది. ఆమె తండ్రి మగ్గం నేస్తాడు. పుట్టుకతో చూపు లేని ఆ అమ్మాయి బట్టను వేళ్ళతో తడిమి నూలు సన్నమో ముతకో చెప్పేయగలదు. రోజూ బస్సులో ఆదోనికి వచ్చి, నేను పాఠం చెప్పే కళాశాలలో చదివేది. పాఠాలన్నీ ఫోనులో విని నేర్చుకునేది.

ఒక సంస్థ ఇచ్చే ఉపకార వేతనానికి దరఖాస్తు చేయవలసి వచ్చింది. దరఖాస్తును వెబ్‌సైటులోనే నింపాలి. ఆమె ఫోను నా బల్లమీద పెట్టి వినిపించింది. "బటన్... బటన్... బటన్" అని తప్ప మరో మాట లేదు. ఏ బటన్ దేనికో పేరు పెట్టలేదు. చివర వంకరటింకర అక్షరాల బొమ్మ ఒకటి ఉంది. మనిషో యంత్రమో తేల్చడానికి పెట్టిన పరీక్ష అది. యంత్రం చదవకూడదనే ఆ అక్షరాలను అలా వంచుతారు. యంత్రం చదివితే తప్ప చదవలేని మనిషి సంగతి ఎవరికీ తోచినట్లు లేదు.

"నెట్ సెంటరులో నింపిస్తే పోలేదా అమ్మా?" అని అడిగాను.

"అక్కడి అన్న మంచివాడే సార్. కాని ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓ.టి.పి. అన్నీ పైకి చెప్పాలి. వెనుక నిలబడినవాళ్ళు వింటారు. మీరైతే చెబుతారా సార్?"

నేను మారు పలుకలేదు.

తెలుగులో ఉన్న సూచనల పత్రం మరీ విచిత్రం. కంటికి చక్కని తెలుగే. ఫోను మాత్రం అర్థంలేని ఆంగ్ల అక్షరాలను గొణిగింది. పాత ముద్రణ ఫాంట్లలో 'క' అనే ఆకారం వెనుక దాగి ఉండేది ఏదో ఒక ఆంగ్ల చిహ్నపు సంకేతమే. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. అయినా మన కార్యాలయాలలో పాత అలవాటు ఇంకా పోలేదు.

ఇటువంటి చిక్కు మనకొక్కరికే రాలేదు. అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల సంస్థ వెబ్‌సైటులో బొమ్మలకు వివరణలు లేవనీ, మౌస్ లేనిదే కొనుగోలు సాగదనీ 2006లో జాతీయ అంధుల సమాఖ్య, ఒక అంధ విద్యార్థి కలిసి దావా వేశారు. 2008 ఆగస్టులో రాజీ కుదిరింది. పరిహారానికి సంస్థ 60 లక్షల డాలర్లు కేటాయించింది. పత్రికలు ఆ మొత్తాన్నే పెద్దగా ప్రకటించాయి. నా దృష్టిలో మరొక షరతు అంతకంటె విలువైనది. సంస్థ తన వెబ్‌సైటును సరిదిద్దాలి, అది సరిగా ఉందో లేదో సమాఖ్య పరీక్షించాలి. అంటే తీర్పు చెప్పవలసింది వాడుకునేవారే.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచారం అందరికీ అందాలని శాసించింది. నియమావళి మాత్రం ఆ ప్రమాణాలను సలహాల స్థాయికి దించింది. ఈ లోపాన్ని ఎత్తి చూపిన నివేదిక హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం నుండి వచ్చింది. రాజీవ్ రతూరి 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఆ నియమం చెల్లదని, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పు వచ్చింది. బ్యాంకు ఖాతా తెరవాలంటే కెమెరా ముందు కనురెప్పలు ఆర్పాలట! యాసిడ్ దాడి బాధితులు, ఒక అంధుడు దీనిని ప్రశ్నించారు. డిజిటల్ సేవలను అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పి, 20 ఆదేశాలిచ్చింది.

ఈ తీర్పులను పేర్కొంటూ మేమిద్దరం ఆ సంస్థకు లేఖ రాశాము. ఎక్కడెక్కడ ఆగిపోయిందో ఆమె వరుసగా చెప్పింది, నేను రాశాను. కొన్ని వారాలకు ఫోను వచ్చింది. అంధులకోసం వేరుగా ఒక చిన్న పేజీ పెడతామన్నారు. నాకు అదే మేలనిపించింది. ఆమె ఒప్పుకోలేదు. "ఆ పేజీని ఎవరూ పట్టించుకోరు సార్. నాలుగు నెలలకు పాతబడిపోతుంది. అందరూ వెళ్ళే దారిలోనే నన్నూ వెళ్ళనివ్వమనండి" అంది. నిజానికి చేయవలసిన పని కొండంత కాదు. బటన్లకు పేర్లు, బొమ్మలకు వివరణలు, పేజీ తెలుగులో ఉందని యంత్రానికి తెలిపే గుర్తు, వంకర అక్షరాలకు బదులు మరొక పద్ధతి. మొదటినుండే ఆలోచిస్తే ఖర్చు స్వల్పం, కట్టిన ఇంటికి తరువాత తలుపు కొట్టడమే కష్టం.

గడువుకు మూడు రోజుల ముందు పేజీ మారింది. ఆమె నా గదిలో, తలుపు దగ్గరగా వేసుకొని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని, నలభై నిమిషాలలో దరఖాస్తు నింపింది. ఓ.టి.పి. ఎంతో నాకు తెలియదు.

సూచనల పత్రం ఇంకా పాత ఫాంటులోనే ఉంది. దాని గురించి రెండో లేఖ ఆమే టైపు చేసి పంపింది. అది చదివి మా కళాశాల కార్యాలయంలోని గుమాస్తా, "మన నోటీసులూ ఇంతేనా సార్?" అని అడిగాడు. ఫోనులో వినిపించాను. ఆ మధ్యాహ్నమే యూనికోడ్ కీబోర్డు వేయించుకున్నాడు. ఒత్తులు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ పరీక్ష ఫీజు నోటీసును మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.