పంక్చర్ సొల్యూషన్

గంజాయి అంటే మా బంగారుపాళ్యంలో తెలియనివాళ్ళు లేరు. చెన్నై, బెంగళూరు బండ్లు తిరిగే దారి మీదుండే ఊరు. ఎక్కడో ఒకచోట బండి ఆపి సోదా చేశారని పేపర్లో చదువుతూనే ఉంటారు. అయితే ఆ సాయంత్రం మా హైస్కూల్లో తల్లిదండ్రుల ముందు డాక్టరమ్మ బల్ల మీద పెట్టినవి గంజాయి పొట్లాలు కావు. సైకిలు పంక్చర్ సొల్యూషన్ ట్యూబు, వైట్‌నర్, నొప్పి మాత్రల అట్ట.

"ఇవి మా ఇంట్లోనూ ఉండాయి కదమ్మా" అంది ముందు వరసలో ఒకామె.

అది 2025 మామిడి సీజను. తోతాపురి ధర పడిపోయింది. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం కిలోకు 12 అని ప్రకటించినా లోడు దిగేదాకా ఎవరికీ నమ్మకం లేదు. మగవాళ్ళు చాలామంది రాత్రీపగలూ ట్రాక్టర్ల దగ్గరే. మీటింగుకు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది తల్లులే. పిల్లల్ని పట్టించుకోలేదని ఆ తండ్రుల్ని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఏడాది పంట రోడ్డు మీద మగ్గిపోతుంటే మనిషి ఇంకెక్కడుంటాడు?

డాక్టరమ్మ చిత్తూరు నుంచి వచ్చారు. ఆ జిగురులో టోలుయిన్ లాంటి ద్రావకం ఉంటుందనీ, పీల్చిన కాసేపటికే మెదడుకెక్కుతుందనీ, గుండె లయ తప్పితే మొదటిసారికే ప్రాణం పోవచ్చనీ చెప్పారు. అప్పటిదాకా గుసగుసలాడుతున్న గది ఒక్కసారిగా సద్దుమణిగింది. పెద్దవాళ్ళకంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపించే మత్తు ఇలా పీల్చేదేనట. 2019లో ఎయిమ్స్ వాళ్ళ జాతీయ సర్వే బయటికొచ్చింది: పెద్దల్లో 0.58 శాతం, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 1.17 శాతం. ఈ జిగురు నిషేధించిన సరుకు కాదు కాబట్టి ఏ సైకిలు షాపులోనైనా దొరుకుతుంది. బట్టలకు ఘాటు వాసన, నోటి చుట్టూ పొక్కులు, ఊరికే తలనొప్పి, అన్నం సయించకపోవడం కనిపిస్తే అడగమన్నారు.

వెనక నిలబడ్డ ఒక రైతు చెయ్యెత్తాడు. "గంజాయి తాగతాండాడని మేమే చెప్తే పిల్లోణ్ణి లోపలేస్తారా మేడమ్?"

నా లెక్కన ఆ సాయంత్రానికంతా అసలు ప్రశ్న అదే. ఆ భయంతోనే ఇళ్ళలో నోరు మెదపరు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ గురించి ఆమె నిదానంగా చెప్పారు. వాడకం కేసులోనో, కొద్దిమొత్తం దొరికిన కేసులోనో ఇరుక్కున్న మత్తు బానిస తనంతట తానే ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యానికి చేరి, దాన్ని పూర్తిచేస్తే ఆ కేసు నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఆ రైతు మళ్ళీ చెప్పించుకుని విన్నాడు.

అందరూ పోయాక ఒక తల్లి ఆగింది. "చొక్కా ఉతికేటప్పుడు వాసనొస్తాంటే, మెకానిక్ షాపు కాడ కూచుంటాడు గదా అనుకుంటి సార్. వాళ్ళ నాయనకు చెప్పొద్దండి, చంపేస్తాడు."

నాయనకు చెప్పక తప్పలేదు. డాక్టరమ్మే కూర్చోబెట్టి చెప్పారు. ఆయన కోపంతో ఊగిపోయాడు; కొంతసేపటికి తలపట్టుకుని ఏడ్చాడు. పిల్లవాణ్ణి ఆమె విడిగా పిలిచి, ఎందుకు పీల్చావని అడగలేదు. నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా అని అడిగారు. వాడు చాలాసేపు మాట్లాడాడు.

వైద్యం మొదలైంది. కొన్నాళ్ళు బాగున్నాడు, మళ్ళీ ట్యూబు పట్టాడు. తండ్రి బెల్టు తీయబోతే తల్లి అడ్డం నిలబడి, మళ్ళీ ఆసుపత్రికే తీసుకుపోయింది. జబ్బు తిరగబెట్టినప్పుడు కొట్టడం మందు కాదని ఆ ఇంట్లో అందరికంటే ముందు ఆమెకే అర్థమైంది.

మీ ఇంట్లో అనుమానం ఉంటే పరువు కోసం ఆగకండి. మత్తు మాన్పించే సలహాకు 14446, మనసు బాగాలేకపోతే టెలీమానస్ 14416. మత్తు అమ్మేవాళ్ళ సమాచారం ఆంధ్రప్రదేశ్ మాదకద్రవ్యాల నిరోధక బృందం ఈగల్‌కు 1972 నంబరుకు ఫోన్ చేసి చెప్పండి. ముందు బిడ్డ పక్కన కూర్చుని, అన్నం తిన్నావా అని అడగండి.