చాతమ్ సామిల్లు, చెవుల లెక్క

పోర్ట్ బ్లెయిర్‌లో చిన్న వంతెన దాటితే చాతమ్ దీవి. దీవిలో చాలా భాగం సామిల్లే. 1883లో బ్రిటిష్ వాళ్లు పెట్టారు, ఇప్పుడు అటవీ శాఖది. (2024లో ఊరు శ్రీ విజయపురం అయింది గానీ ఆటోవాళ్ల నోట ఇంకా పాత పేరే.)

టికెట్ కొని లోపలికి వెళ్తే ముందు పచ్చి కొయ్య వాసన తగిలింది. పడౌక్ దుంగ కోస్తున్నారు, పొట్టు ఇటుకపొడిలా ఎర్రగా రాలుతోంది. రంపం దిగగానే పక్కనున్నాయన మాట నాకు వినిపించలేదు. పనివాళ్లకు ఆ ఇబ్బంది లేదు. వేళ్లతో కొలతలు, కనుబొమలతో పరాచికాలు! రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ బాంబు పడిన గుంత దగ్గర టూరిస్టులు ఫొటోలు దిగుతున్నారు. నేను రంపం దగ్గరే ఉండిపోయాను.

2002లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతకు కళ్లెం వేశాక దుంగల రాక బాగా తగ్గింది. కోత తగ్గితే దుమ్మూ మోతా తగ్గుతాయి, ఒంటికి మంచిదే. మరి మనసుకో?

సాయంత్రం జంగ్లీఘాట్ వెళ్లాను. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకారులు అక్కడ ఎక్కువ. వేరేచోట ప్రైవేటు సామిల్లుల్లో పనిచేసి మానేసిన ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"పని బాగుండేదా తాతా?" రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"ఏటి బాబూ? ఆ, మా బాగుండేది. మావోళ్లంతా అక్కడే. రంపం ఆగిపోతే పండగనాడూ తోచేది కాదు."

"చెవులకేం కాలేదా?"

"నొప్పే నేదు కదేటి!"

చిక్కంతా అక్కడే ఉంది. మోతకు పోయే వినికిడి నొప్పి పెట్టకుండానే పోతుంది. ముందు పిట్టకూతలాంటి సన్నని శబ్దాలు, ఏళ్లు గడిచాక మనుషుల మాటలు. ఇక తిరిగి రాదు. మన దేశంలో ఎనిమిది గంటల షిఫ్టుకు హద్దు 90 డెసిబెల్స్; పెద్ద రంపాలు దాన్ని ఇట్టే దాటేస్తాయి. కొయ్య దుమ్ముతో ముక్కు క్యాన్సర్ వస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. అది కూడా దశాబ్దాలకు గానీ బయటపడదు.

ఉద్యోగ తృప్తి గురించి ఫారం ఇస్తే ఈయన పదికి పది వేస్తాడు. అందులో అబద్ధమూ ఉండదు. అందుకే, పనివాడు సంతోషంగా ఉన్నాడు కాబట్టి పనిచోటు బాగున్నట్టే అనే యజమాని వాదం నాకు మింగుడుపడదు. జీతం, సావాసం, మర్యాద సంగతి మనిషిని అడిగితే చెబుతాడు. చెవి సంగతి చెప్పాల్సింది ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష కాగితం. అది కూడా చేరిన రోజున ఒకటి, ఆపైన ఏటా ఒకటి తీయాలి. మోతవల్ల వచ్చే చెవుడిని చట్టం వృత్తివ్యాధిగా ఒప్పుకుంటుంది గానీ, మొదటి రోజు కాగితం లేకపోతే నష్టపరిహారం అడిగేటప్పుడు ఆ చెవుడు పనిలోనే వచ్చిందని రుజువు చేయడం కష్టం.