ఉతక్కూడని చొక్కా

మన ఇళ్లలో మగపిల్లలు ఆడొచ్చి విడిచిన చొక్కా తిన్నగా ఎక్కడికెళుతుంది? బకెట్లోకి. అమెరికాలో అయితే ఇనప్పెట్టెలోకి వెళ్లినా వెళుతుంది! అక్కడ బేస్‌బాల్ అని ఓ ఆట ఉంది. మన బిళ్లంగోడుకి దూరపు చుట్టం అనుకోండి. అందులో మహానుభావుడు బేబ్ రూత్ 1932లో చికాగోలో తొడుక్కుని ఆడిన చొక్కా 2024 ఆగస్టులో వేలంలో 2 కోట్ల 41 లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో సుమారు 200 కోట్ల రూపాయలు! మరక, చిరుగు, మాసిక – ఇవే ఆ చొక్కాలకు నగలు. సబ్బు పెట్టారో, ధర సగం కాలవలో కలిసినట్టే.

ధర ఉన్నచోట దొంగ ఉండనే ఉంటాడు. దొంగ సంతకాల ముఠాలను అక్కడి కేంద్ర పోలీసులు పట్టుకున్నాక, 2001 నుంచి మేజర్ లీగ్ వారు ఓ పద్ధతి పెట్టారు. పోలీసు పనిలో ఆరితేరిన మనిషి మైదానంలోనే కూర్చుంటాడు. చొక్కా ఆటగాడి ఒంటిమీంచి రావడం కళ్లారా చూసి, అంకె వేసిన మెరుపు బిళ్ల అంటిస్తాడు. చూడనిదానికి బిళ్ల లేదు.

పాత చొక్కాలకు మాత్రం ఫొటోయే సాక్షి. 1986 జూన్ 22న ఇంగ్లండు మీద ‘దేవుడి చెయ్యి’ గోలు కొట్టిన మారడోనా చొక్కా సంగతే చూడండి. ఆట అయ్యాక దాన్ని ఇంగ్లండు ఆటగాడు స్టీవ్ హాడ్జ్ తీసుకున్నాడు. 2022లో లండన్‌లో వేలానికి పెడితే మారడోనా కూతురు, ‘అది మొదటి సగంలో వేసుకున్నది, గోలు కొట్టినది కాదు’ అంది. నిపుణులు ఫొటోలు ముందేసుకుని అంకె, చారలు, బిళ్ల సరిచూసి ఇదే అన్నారు. 71 లక్షల పౌన్లకు పోయింది.

ఈ గొడవంతా మీకెందుకమ్మా అంటారా? మా శ్రీకూర్మంలో మా ఇంటికీ ఇలాంటి తగువే వచ్చింది మరి.

మన వేపు ఆటగాడి పతకానికి అద్దాల బీరువా దొరుకుతుంది గాని, చొక్కాకు దొరకదు. కబడ్డీ కుర్రాళ్లు మాత్రం పోయిన మా అన్నయ్య ఫైనల్ ఆడిన చొక్కా తమ బీరువాలో పెడతామన్నారు. వదిన పెట్టెలో 5వ నంబరు తెల్లచొక్కా ఒకటుంది. ఇంతలో అన్నయ్యతో ఆడిన పెద్దాయన అలాంటిదే ఇంకోటి పట్టుకొచ్చి, ‘ఫైనల్‌ది ఇదమ్మా, ఆ రాత్రే నాకిచ్చాడు’ అన్నారు. మా మేనల్లుడికి కోపం వచ్చింది. “ఈయన కల్పిస్తున్నాడత్తా! అమ్మ దాచుకున్నది అబద్ధమా?” అన్నాడు. పెద్దాయన మొహం చిన్నబోయింది. ఆయన మూటలో ఉన్నది చొక్కా ఒక్కటే కాదు, మాట కూడా.

కప్పుతో తీసిన ఫొటో, భూతద్దం తెచ్చాం. ఎడమ భుజం మీద నల్లగా ఏదో గీత. పెద్దాయన తెచ్చినదాని భుజానా నల్లదారం మాసిక ఉంది. “ఫొటో చూసి ఎవరైనా కుట్టొచ్చు” అన్నాడు మావాడు. వాడన్నదాంట్లోనూ న్యాయం ఉంది.

అప్పుడు నేను వంటింట్లోకి వెళ్లాను. చొక్కా చూపించకుండా, “వదినా, ఫైనల్ ముందు చొక్కా ఏమైనా చిరిగిందా?” అని అడిగాను.

“చిరగదేటి? సెమీస్‌ల ఎవుడో భుజం పట్టి లాగీసినాడు. రాత్రేళ తెల్లదారం నేదు. నల్లదారంతోటే కుట్టీసినాను. తొందరల చివర ముడి లోపలికి కాకుండా పైకే ఏసీసినాను.”

ముడి ఫొటోలో కనబడదు. చొక్కా తిప్పి చూశాం. పైకే ఉంది!

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?” అన్నాడు మేనల్లుడు.

“నన్నెవులడిగినారు? ఆ రాత్రి ఆయనకిచ్చీసినారు. నా పెట్లోది పొలమెల్లినప్పుడు ఏసుకునీవోరు. ఆటది మీరుంచుకోండి. పొలంది నాకుంచండి.”

మావాడు మారుమాట్లాడకుండా లేచి, పెద్దాయన్ని స్కూటరు మీద ఇంటిదాకా దింపి వచ్చాడు. బీరువాలో చొక్కా పక్కన చీటీ పెట్టారు: ఎవరు ఆడారు, ఎవరు దాచారు, ఎవరు కుట్టారు. కింద వదిన సంతకం.

చొక్కాలు ఉతికి సాక్ష్యాలు పోగొట్టేదీ మన ఆడవాళ్లే, మాసిక వేసి సాక్ష్యం నిలబెట్టేదీ మన ఆడవాళ్లే. మా కూర్మనాథుడి గుడి స్తంభాల మీద ఎవరు ఏ శకసంవత్సరంలో ఏమిచ్చారో చెక్కి ఉంది. ఇచ్చిననాడే చెక్కించారు కనక నేడు తగువు లేదు. చొక్కాకు అంత రాయి అక్కర్లేదు, చీటీ ముక్క చాలు. కాకపోతే, చెప్పగల మనిషి ఉండగానే వెళ్లి అడిగి రాసుకోవాలి.