తూనీగల బీడు

ఇంగ్లండు వెళ్ళి ఏం చూశావని అడిగిన వారికి "ఒక బీడు చూశాను" అంటే నవ్వుతున్నారు. నవ్వదగిన మాటే. చెల్లెలి పురిటికి అమ్మను దిగబెట్టడానికి కిందటేడు సెప్టెంబరులో గిల్డ్‌ఫర్డు వెళ్ళడం తటస్థించింది. ఒక ఆదివారం నాడు చెల్లెలి భర్త, మా బావగారు, అమ్మనూ నన్నూ కారులో థర్స్‌లీ తీసుకువెళ్ళారు.

థర్స్‌లీ సర్రే జిల్లాలో చిన్న పల్లె. మన రాష్ట్రపతి భవనానికి నమూనా గీసిన లుటియెన్స్ దొర పెరిగిన వూరు ఇదే. వూరి పేరులో దాగినవాడు థూనర్ అనే ఉరుముల దేవుడట. ఇంగ్లీషువాళ్ళ గురువారం పేరులోనూ ఆయనే వున్నాడు! ఆ వూరి పక్క బీడంతా ఇప్పుడు ప్రభుత్వ రక్షణలో వున్నది.

నేల వట్టి ఇసక. మోకాలెత్తు హెదర్ పొదలు కనుచూపు మేర పరుచుకున్నాయి. ఆగస్టులో అంతా ఊదారంగట. మేం వెళ్ళేసరికి సగం పూలు వాడి ఇటికరంగుకు తిరిగాయి. నాలుగడుగులు పల్లానికి దిగితే ఇసక పోయి చిత్తడి వచ్చింది. దాని మీద చెక్కల బాట వేశారు. ఆ బాట కొత్తది. 2020 మే నెలాఖరున బీడు అంటుకుని దాదాపు 150 హెక్టార్లు కాలిపోయినప్పుడు పాత బాట కూడా బూడిదైంది.

ఆ నీటిలో నాచు చచ్చినా పూర్తిగా కుళ్ళదు. పొర మీద పొరగా పేరుకుని పీటు అనే నల్లమట్టి అవుతుంది. అందులో మొక్కకు కావలసిన సారం తక్కువ. అందుకని సన్‌డ్యూ అనే మొక్క పురుగుల్ని పట్టి తింటుంది. రూపాయి బిళ్ళంత మొక్క, ఎర్రటి నూగు, ప్రతి నూగు కొసనా ఒక జిగురు బొట్టు. అమ్మ వంగి చూసి, "ఇంత లేదు, దీనికి నీచు కావలసి వచ్చిందా!" అన్నది. మా చుట్టూ తూనీగలు. అక్కడ ఇరవైకి పైగా జాతులున్నాయట. నాకు తెలిసినవి ఎర్రవీ, నల్లవీ, అంతే.

కొంచెం ఎగువన పదిమంది మగా ఆడా, చాలామంది తల నెరిసినవాళ్ళు, లేత పైను మొక్కల్ని పీకి కుప్ప వేస్తున్నారు. నాకు ప్రాణం చివుక్కుమంది. రక్షిత స్థలంలో చెట్లు పీకడమేమిటి? ఉండబట్టలేక అడిగాను. ఒక ముసలాయన నడుం నిలబెట్టి ఓపిగ్గా చెప్పాడు. ఈ బీడు దానంతటది పుట్టినది కాదు. వేల యేళ్ళ కిందట మనుషులు అడవి కొట్టారు. ఆ తరువాత పశువుల్ని మేపారు, పొయ్యిలోకి పొదలూ మట్టిపెళ్ళలూ కోసుకున్నారు. అలా సారం తగ్గిన నేలను నమ్ముకుని కొన్ని జీవాలు బతకడం నేర్చాయి. మేపడం మానగానే పైను, బర్చి చెట్లు కమ్ముకువస్తాయి. 1800 తరువాత ఇంగ్లండులో ఇలాంటి బీళ్ళు నూటికి ఎనభై వంతులకు పైగా పోయాయి. డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట ఈ పొదలు తప్ప మరో ఇల్లెరగదు. 1962-63 చలికి ఆ దేశం మొత్తంమీద పది పన్నెండు జతలే మిగిలాయట.

నేను తెలుగు చేసి చెబితే అమ్మ చప్పున అన్నది: "అయితే కలుపు తీస్తున్నారన్నమాట!"

నేను మాట్లాడలేదు. పన్నెండేళ్ళ కిందట మా విద్యార్థుల్ని వెంటబెట్టుకుని ఒక వూరి బీడులో నాలుగువందల మొక్కలు నాటించాను. గొర్రెల కాపరి ఒకాయన కర్ర మీద గడ్డం ఆనించి, "మరి మా జీవాలు యాడ మేయాల బాబూ?" అని అడిగాడు. ఆయనకు వృక్షాల మహిమ మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. విద్యార్థులు చప్పట్లు కొట్టారు.

తిరుగు దారిలో అమ్మ అడిగింది, "నువ్వు నాటించిన మొక్కలు బతికాయట్రా?"

సంక్రాంతి సెలవుల్లో ఆ వూరు వెళ్ళి చూశాను. చాలావరకు బతికాయి, రెండు నిలువుల ఎత్తు పెరిగాయి. కింద గడ్డి లేదు. కాపరి కోసం విచారిస్తే, మంద అమ్మేసి కొడుకు దగ్గరకు హైదరాబాదు వెళ్ళిపోయాడని చెప్పారు.