ఇక్కడ 'దారుణం' అంటే బ్రహ్మాండం

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఏడాది ఉత్తమ చిత్రం ఏదో తేలాలంటే, ముందు ఎవరు ఏ భాషలో మెచ్చుకున్నారో తేలాలి

సినిమా దారుణంగా ఉందని న్యూ సెటిల్‌మెంట్ కుర్రాడెవరైనా చెబితే తొందరపడి టికెట్ మానుకోనక్కర్లేదు. అతనా మాట ఇంట్లో నేర్చుకున్నాడా, బడిలో నేర్చుకున్నాడా అన్నది చూసుకోవాలి. బెంగాలీలో 'దారుణ్' అంటే అద్భుతం. తెలుగులో దారుణం అంటే దారుణమే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ నడిచే ఈ కాలనీలో రెండు అర్థాలూ చెల్లుబాటవుతాయి. ఏ అర్థంలో వాడారో మనిషి మొహం చూసి పోల్చుకోవాలి. డిసెంబర్ చివరి వారం నుంచి సంక్రాంతి దాకా, ఏడాది సినిమాల లెక్క తీసే రోజుల్లో, ఈ ఒక్క మాట మీద జరిగే రభస చాలదన్నట్టు అసలు వాదన ఆ తర్వాత మొదలవుతుంది.

హౌరాకు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖరగ్‌పూర్‌ను దేశం రెండు విషయాలతో గుర్తుపడుతుంది. ఒకటి ఐఐటీ. రెండోది స్టేషన్‌లోని 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరున్న ఆ ప్లాట్‌ఫారాన్ని 2013లో గోరఖ్‌పూర్, 2023లో 1,507 మీటర్లతో హుబ్బళ్ళి వెనక్కి నెట్టేశాయి. తెలుగువాళ్ళకు మాత్రం ఖరగ్‌పూర్ అంటే వర్క్‌షాపే. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే 1904లో ఇక్కడ కార్ఖానా తెరిచాక విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి రైలెక్కి వచ్చినవాళ్ళు ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా కుదురుకున్నారు. 1927లో ఈ కార్మికులు చేసిన పెద్ద సమ్మెకు ముందు నిలిచిన నాయకుల్లో, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒకరు. మథురాకాటి, నింపుర, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్... ఈ పేర్లు వింటే ఉత్తరాంధ్రలో ఇప్పటికీ ఎవరో ఒక మేనమామ గుర్తొచ్చే కుటుంబాలున్నాయి. 'న్యూ' పాతబడి చాలా కాలమైంది గానీ పేరు మారలేదు.

వరస క్వార్టర్లు, దసరాకు రావణుణ్ణి తగలబెట్టే మైదానం, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చే సైకిళ్ళు, స్కూటర్లు. టీ కొట్టు దగ్గర మరమరాల్లో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, ఆవనూనె కలిపిస్తారు. బెంగాలీలు దాన్ని మూడీ అంటారు. విశాఖ బీచిలో అమ్మే మూరీ మిక్చర్ పేరు దీని చుట్టమే. సినిమా వాదనలకు ఇంతకు మించిన సరంజామా అవసరం లేదు.

తీరా వాదనలో దిగితే మొదట తేల్చుకోవాల్సింది ఎవరి మాటకు ఎంత విలువన్నది. ఇక్కడ హాల్లో చూసినవాడికి ఒక ఓటు. ఫోన్‌లో చూసినవాడికి, మొహమాటానికి, అర ఓటు. పాసు మీద సంక్రాంతికి ఊరెళ్ళి, విజయనగరంలోనో విశాఖ జగదాంబలోనో మొదటి వారం చూసొచ్చినవాడు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు కాసేపు ఆగుతారు. అతను చూసింది సినిమాను మాత్రమే కాదు, సినిమా చూస్తున్న జనాన్ని కూడా. ఎక్కడ ఈల పడింది, ఎక్కడ లేచి బయటికెళ్ళారు అన్నది ఖరగ్‌పూర్‌లో కూర్చుని తెలుసుకోగలిగేది కాదు.

2025 లెక్కనే తీసుకోండి. ఆ సంక్రాంతికి 'గేమ్ ఛేంజర్', 'డాకు మహారాజ్', 'సంక్రాంతికి వస్తున్నాం' నాలుగు రోజుల తేడాలో వచ్చాయి. పాసు మీద వెళ్ళినవాళ్ళు మూడూ చూసి వచ్చారు. వెంకటేశ్ సినిమా 300 కోట్లు దాటిందని నిర్మాతలు ప్రకటించాక ఇక చర్చే లేదనేది ఒక వర్గం. వసూలును బట్టి ఉత్తమం తేల్చేట్టయితే చర్చకు కూర్చోవడం దేనికి, గుమస్తాను పిలిస్తే చాలదా అనేది రెండో వర్గం. ఇదేమీ న్యూ సెటిల్‌మెంట్‌కే ప్రత్యేకం కాదు. తెలుగువాళ్ళు ముగ్గురున్న ప్రతిచోటా జరిగేదే. ప్రత్యేకం ఏమిటంటే ఈ రెండు వర్గాలూ 'తండేల్' దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించడం.

2025 ఫిబ్రవరిలో వచ్చిన 'తండేల్' శ్రీకాకుళం మత్స్యకారుల కథ. సొంత తీరంలో పని చాలక వేట కోసం గుజరాత్ వెళ్ళి, 2018లో పాకిస్తాన్ జలాల్లో పట్టుబడి, 2020లో విడుదలైన జాలర్ల అనుభవం దానికి ఆధారం. హైదరాబాద్‌లో దాన్ని ప్రేమకథగా చూశారు, నాగచైతన్య నటన గురించి, సాయిపల్లవి గురించి, దేవిశ్రీప్రసాద్ పాటల గురించి మాట్లాడుకున్నారు. ఖరగ్‌పూర్ నుంచి చూస్తే దానికి ఇంకో వైపు ఉంది. ఊళ్ళో పని లేక ఏడాదిలో ఎక్కువ భాగం మరో రాష్ట్రంలో బతికే మగవాళ్ళు, ఇంటి దగ్గర ఎదురుచూసే ఆడవాళ్ళు. పడవ బదులు రైలు, గుజరాత్ బదులు బెంగాల్ పెడితే ఇక్కడి తాతల కథ అదే. చందు మొండేటి రెండో సగంలో పాకిస్తాన్ జైలును నాటకీయం చేసిన తీరు నాకు అంతగా నచ్చలేదు. కానీ వలస వెళ్ళినవాడి ఇంట్లో ఉత్తరం కోసమో ఫోన్ కోసమో కాచుకుని కూర్చోవడమనే పనిని తెలుగు తెర ఇంత సేపు చూపించడం అరుదు.

ఆ పైన యాస. ఇక్కడి పెద్దవాళ్ళు సినిమాకు పెట్టే అసలు పరీక్ష ఇదే. ఖరగ్‌పూర్ తెలుగు నూరేళ్ళ కిందట బయల్దేరిన ఉత్తరాంధ్ర తెలుగు. టీవీలు, పత్రికల ప్రమాణ భాష ఒత్తిడి పెద్దగా పడకుండా, హిందీ, బెంగాలీ మాటలు కలుపుకుంటూ అది తన దారిన తాను నడిచింది. 'ఏటి', 'నేను' బదులు 'నాను', పలకరింపులో 'మావా' ఇప్పటికీ సజీవం. తెలుగు సినిమా ఈ యాసను చాలా కాలం పనిమనిషికీ, హాస్యగాడికీ, పోలీస్ స్టేషన్‌లో తన్నులు తినేవాడికీ కేటాయించింది. హీరో మాత్రం కోస్తా మధ్య జిల్లాల భాష మాట్లాడేవాడు. అందుకే 2018లో 'రంగస్థలం', 'మహానటి' లాంటి పెద్ద చిత్రాలు వచ్చిన ఏడాదిలోనే 'కేరాఫ్ కంచరపాలెం' ఉత్తమమని వాదించేవాళ్ళకు ఇక్కడ గట్టి ఆధారం ఉంది. వెంకటేశ్ మహా ఆ సినిమాను విశాఖలోని కంచరపాలెం వాసులతోనే, ఎక్కువమంది అంతకుముందు కెమెరా ముందుకు రానివాళ్ళతో తీశారు. 'మహానటి'కి ఆ ఏడాది జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం, కీర్తి సురేశ్‌కు ఉత్తమ నటి అవార్డులు వచ్చాయి. వాటి విలువ వాటిదే. కానీ తెర మీద మనిషి తన నాన్న లాగా మాట్లాడినప్పుడు ప్రేక్షకుడు వేసే మార్కులు ఏ జ్యూరీకీ అందవు. కరుణకుమార్ 'పలాస 1978' (2020)కు కూడా ఈ లెక్కలో మంచి స్థానమే దక్కాలి.

ఆడవాళ్ళ జాబితా వేరు. 2025లో అది 'కోర్ట్'తో మొదలవుతుంది. విశాఖ నేపథ్యంగా, పోక్సో చట్టం కింద ఇరుక్కున్న ఓ పేద కుర్రాడి కథ. పరువు పేరుతో ఇంటి మీద పెత్తనం చేసే మంగపతిగా శివాజీ ఎంత నప్పాడంటే, అలాంటి బాబాయి ప్రతి కుటుంబంలోనూ ఒకడుంటాడు కాబట్టి పేరు చెప్పకుండా మాట్లాడుకోవడానికి ఆ పాత్ర పనికొచ్చింది. హాలుకు తీసుకెళ్ళేవాళ్ళు లేకా, వెళ్ళే తీరిక లేకా ఇంట్లోనే చూసినవాళ్ళది అర ఓటనే పద్ధతి మగవాళ్ళు పెట్టుకున్నదేనని చెప్పక్కర్లేదు.

గ్యాంగ్‌స్టర్ సినిమాల మాటెత్తితే మాత్రం వాతావరణం కాస్త మారుతుంది. 2025 సెప్టెంబర్‌లో పవన్ కల్యాణ్ 'ఓజీ' బొంబాయి మాఫియా కథతో వచ్చింది. కుర్రాళ్ళకు అదొక పండగ. పెద్దవాళ్ళు అంత ఉత్సాహపడరు. రైల్వే తుక్కు వ్యాపారం చుట్టూ తిరిగిన ముఠా తగాదాలను ఈ ఊరు దశాబ్దాల పాటు చూసింది. 2017 జనవరిలో న్యూ సెటిల్‌మెంట్‌లోనే కాల్పులు జరిగాయి. బెంగాలీ పత్రికల్లో ఇక్కడి తెలుగు పేర్లు మొదటి పేజీకి ఎక్కింది అలాంటప్పుడే. ఉద్యోగం చేసుకుని బతికే వేలమందికి ఆ ముద్ర ఏమిటో తెలుసు. తుపాకీ పట్టుకున్న హీరో నెమ్మదిగా నడిచొస్తుంటే చప్పట్లు కొట్టాలో వద్దో వాళ్ళకు వెంటనే తోచకపోతే తప్పు పట్టలేం.

విచిత్రమేమిటంటే తెలుగు సినిమాకు బెంగాల్ కొత్తేమీ కాదు. మన తొలి టాకీల్లో కొన్ని పుట్టింది కలకత్తాలోనే. సి. పుల్లయ్య 1933లో 'సావిత్రి', 1934లో 'లవకుశ' అక్కడి ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీకి తీశారు. గోదావరి జిల్లాల నుంచి నటీనటులు కలకత్తా చేరాలంటే ఖరగ్‌పూర్ మీదుగా పోవాల్సిందే. 1953లో శరత్ 'దేవదాసు' మన సొంత కథ అయిపోయింది. ఆ తర్వాత చిరంజీవి 'చూడాలని వుంది' (1998), రామ్‌చరణ్ 'నాయక్' (2013), నాని 'శ్యామ్ సింగరాయ్' (2021), మళ్ళీ చిరంజీవి 'భోళా శంకర్' (2023) కలకత్తా చుట్టూ తిరిగినవే. అన్నిట్లోనూ హౌరా వంతెన, పసుపు ట్యాక్సీ, దుర్గాపూజ. నూరేళ్ళుగా బెంగాల్‌లో తెలుగు మాట్లాడుతూ బతుకుతున్న ఊరు ఒకటుందని మాత్రం ఏ హీరోకూ తెలియదు. ధోనీ 2001 నుంచి ఇక్కడ టికెట్ కలెక్టర్‌గా పనిచేశాడు కాబట్టి హిందీవాళ్ళు 2016 నాటి 'ఎం.ఎస్. ధోనీ' సినిమాకు ఖరగ్‌పూర్ వచ్చి చిత్రీకరించారు. తెలుగువాళ్ళు రాలేదు.

వ్యాపార లెక్కల్లోనూ అంతే. తెలుగు సినిమా వసూళ్ళను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అంటూ విడగొడతారు. ఖరగ్‌పూర్‌లో కొన్న టికెట్ 'రెస్టాఫ్ ఇండియా' గడిలో పడుతుంది. ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడి, ఉత్తరాంధ్రకు పాసు రాయించుకునే మనిషి సినిమా లెక్కలో మాత్రం మిగిలిన భారతదేశం. ఫిలిం రీళ్ళ కాలంలో పెట్టె ఇంత దూరం రావడానికే రోజులు పట్టేది. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక పాత సినిమాలు ఇళ్ళలోకి వచ్చాయి. డిజిటల్ ప్రొజెక్షన్‌తో, ఆ తర్వాత 2020లో ఆహా లాంటి ఓటీటీలతో ఎదురుచూపులు తగ్గాయి. కానీ హాలుకు వచ్చేది ఇప్పటికీ పెద్ద హీరో సినిమాయే. చిన్న సినిమా ఫోన్‌లోకే వస్తుంది, అర ఓటుతో. ఏడాది ఉత్తమ చిత్రం పోటీలో అది మొదటి నుంచే వెనకబడి ఉంటుంది.

ప్రభుత్వాల జాబితాలతో తేల్చుకుందామన్నా కుదరదు. 1964లో మొదలైన నంది అవార్డులు 2016 చిత్రాలతో ఆగాయి. తెలంగాణ 2025లో గద్దర్ అవార్డులు ఇచ్చి, 2024కు 'కల్కి 2898 ఏడీ'ని ఉత్తమ చిత్రంగా ప్రకటించింది. న్యూ సెటిల్‌మెంట్‌లో దాన్ని అంగీకరించాల్సిన పని ఎవరికీ లేదు. అంగీకరిస్తే సాయంత్రం ఏం చేయాలన్నది మరో సమస్య.

అసలు చిక్కు ఓటర్ల సంఖ్యతో వచ్చింది. 2003 దాకా వాల్తేరు డివిజన్, ఖరగ్‌పూర్ రెండూ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి. ఇక్కడ చేరినవాడు ఎప్పటికైనా విశాఖకు బదిలీ చేయించుకోవచ్చని ఆశపడేవాడు, అక్కడివాడు ఇటు వచ్చేవాడు. ఆ ఏడాది తూర్పు కోస్తా జోన్ ఏర్పడి వాల్తేరు అటు వెళ్ళిపోయింది. ఇప్పుడు జోన్ దాటితే సీనియారిటీ పోతుంది. కొత్త రక్తం రావడం తగ్గింది. రిటైరయితే క్వార్టర్ ఖాళీ చేయాలి. కొందరు ఊళ్ళోనే ఇల్లు కొనుక్కుంటారు, కొందరు విజయనగరం వెళ్ళిపోతారు. వెళ్ళేవాళ్ళు 'మాయాబజార్' నుంచి లెక్క చెప్పగలిగినవాళ్ళు.

ఉండిపోయిన పిల్లల తెలుగు చెవికి సంబంధించింది, కంటికి కాదు. పశ్చిమ బెంగాల్ మాధ్యమిక్ పరీక్షలో తెలుగును మొదటి భాషగా తీసుకునే వీలుంది. 2020 డిసెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఎన్నికల ముందు వచ్చిన ఆ హోదాను తక్కువ చేయనక్కర్లేదు. అయితే దరఖాస్తు తెలుగులో రాయగలిగేవాళ్ళు తగ్గిపోతున్న చోట హోదా ఎంత దూరం నడుస్తుంది? రోజూ హిందీలో స్నేహం చేసి, ఇంగ్లీషులో చదివి, బెంగాలీలో బేరమాడే పదిహేడేళ్ళ కుర్రాడు ఒక్క విషయంలోనే తెలుగులో పూర్తి వాక్యాలు కడుతున్నాడు. 'ఓజీ' ఎందుకు గొప్పదో తాతకు ఒప్పించేటప్పుడు. తాతకు హిందీ రాక కాదు. హిందీలో వాదిస్తే తాత ఓటు వేయడు.

అలా 2025కు తయారైన ఒక జాబితా పాత నోటుబుక్కు కాగితం మీద కనిపించింది. పది పేర్లు. మొదట 'తండేల్', రెండు 'కోర్ట్', మూడు 'ఓజీ', అదీ కొట్టివేతల తర్వాత. అక్షరాలన్నీ బెంగాలీ. రాసిన కుర్రాడికి తెలుగు లిపి రాదు, చదవాల్సిన నాయనమ్మకు బెంగాలీ లిపి రాదు. ఆమె వరసగా చదివించుకుని, 'కోర్ట్' పైకెందుకు పోలేదో చెప్పమని మళ్ళీ మొదటికి తెచ్చింది.