సుక్మా ఖాతాలో ఎంత పొగ?

బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పర్యావరణ శాస్త్రవేత్త టి.వి. రామచంద్ర తన సహచరులతో కలసి 2015లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. దేశంలోని ఏడు మహానగరాలు ఏడాదిలో ఎంత కార్బన్‌ను గాల్లోకి వదులుతున్నాయో అందులో లెక్క కట్టారు. కరెంటు, వంటిళ్లు, వాహనాలు, ఫ్యాక్టరీలు, పశువులు, చెత్తకుప్పలు... అన్నిటినీ విడివిడిగా తూచారు. 2009-10 నాటికి ఢిల్లీ వాటా 3.86 కోట్ల టన్నులు. బెంగళూరుది 1.98 కోట్లు, హైదరాబాద్‌ది 1.37 కోట్లు. మనిషికింత అని పంచి చూస్తే అగ్రస్థానం చెన్నైది, తలకు 4.79 టన్నులు.

సుక్మా వెళ్లే విలేకరి సంచిలో మామూలుగా ఉండేవి కోర్టు కాగితాలు, ఎన్‌కౌంటర్ల వివరాలు. ఒకసారి వెళ్లినప్పుడు నా సంచిలో ఈ పత్రం నకలు కూడా ఉంది. పగలంతా ఊళ్లు తిరిగి, రాత్రి లాడ్జిలో దాన్ని చదువుతుంటే ఒక సందేహం పట్టుకుంది. ఇదే తక్కెడలో సుక్మాను పెడితే ముల్లు కదులుతుందా? 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లాలో ఉన్నది దాదాపు రెండున్నర లక్షల మంది. చాలా ఊళ్లలో వంట కట్టెల పొయ్యి మీదే. అడవి మధ్య పల్లెల్లో కరెంటు తీగ నిన్నమొన్నటి ముచ్చట. ఎండాకాలం వస్తే తునికాకు కోత. యాభై ఆకుల కట్టలు వెయ్యి కడితే ఒక స్టాండర్డ్ బస్తా. దానికి 2024 నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఇస్తున్నది 5,500 రూపాయలు. యాభై వేల ఆకులు కోసి కట్టి ఆరబెట్టే ఆ పనిలో లీటరు పెట్రోలు ఖర్చు కాదు.

కాబట్టి సుక్మా ఖాతా దాదాపు ఖాళీ. అలాగని మహానగరాలతో సుక్మాకు సంబంధం లేదనుకుంటే పొరపాటు. ఆ సంబంధం మూడు దారుల్లో కనిపిస్తుంది.

మొదటిది ఇనుము. సుక్మా 2012 జనవరి దాకా దంతెవాడ జిల్లాలో భాగం. ఆ దంతెవాడలోనే బైలడిల్లా కొండలున్నాయి. అక్కడి ఖనిజాన్ని జపాన్‌కు పంపడం కోసమే 1960లలో కిరండూల్ నుంచి కొత్తవలస దాకా కొండల్ని తొలిచి రైలుమార్గం వేశారు. తర్వాత ఆ ఖనిజంతోనే విశాఖ ఉక్కు తయారైంది. గనుల్ని తవ్వే ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. టన్ను ఉక్కుకు సుమారు టన్నున్నర ఖనిజం కావాలి. మన దేశంలో టన్ను ఉక్కు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్ దాదాపు రెండున్నర టన్నులు. నగరం సరిహద్దులు గీసి లోపలి పొగను మాత్రమే కొలిచే పద్ధతిలో ఈ రెండున్నర టన్నులు కొలిమి ఉన్న ఊరి ఖాతాలో పడతాయి. ఆ ఉక్కుతో ఇరవై అంతస్తులు లేపిన నగరం ఖాతాలో పడవు. కొండకు పడిన గాయం ఎవరి ఖాతాలోనూ ఉండదు.

ఇది రామచంద్ర లెక్కలో తప్పేమీ కాదు. ఎక్కడో ఒకచోట గీత గీయనిదే ఏ లెక్కా తెగదు. ఆ గీత అవతల ఎవరున్నారో అడగాల్సింది మనం.

రెండోది నీరు. సుక్మా పక్కనుంచి పారే శబరి, కొంటా దాటి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. దిగువన పోలవరం. 960 మెగావాట్ల జలవిద్యుత్తు, విశాఖ నగరానికీ పరిశ్రమలకూ నీరు ఆ ప్రాజెక్టు లక్ష్యాల్లో ఉన్నాయి. బొగ్గు మండించని కరెంటు కాబట్టి కార్బన్ లెక్కలో అది మేలే. కానీ వెనక్కి తన్నే నీరు కొంటాను ముంచుతుందని ఛత్తీస్‌గఢ్ సుప్రీం కోర్టుకెక్కింది. తూము దగ్గర నిలబడితే స్వచ్ఛమైన కరెంటు కనిపిస్తుంది. కొంటాలో నిలబడితే ముందు గుర్తొచ్చేది వరద మట్టం.

మూడోది చెట్లు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఈ ప్రాంతం నుంచి వేలాది కుటుంబాలు ప్రాణాలు అరచేత పట్టుకుని గోదావరి వైపు వచ్చేశాయి. తెలంగాణలో వారిని గుత్తికోయలంటారు. ఖమ్మం మిరప తోటల్లో కాయ కోసేదీ, అడవిలో పోడు కొట్టుకునేదీ వాళ్లే. అటవీ హక్కుల చట్టం ప్రకారం భూమి దక్కాలంటే 2005 డిసెంబర్ 13 నాటికే అది సాగులో ఉండాలి. ఆ ఏడాది జూన్‌లో మొదలైన హింసకు తర్వాతి సంవత్సరాల్లో ఇల్లు విడిచిన మనిషి ఆ తేదీని ఎలా అందుకుంటాడు?

ఇటు ప్రభుత్వాలకు చెట్లు కావాలి. గనికో రోడ్డుకో అడవిని ఇచ్చేస్తే బదులు మొక్కలు నాటాలి. 2016 నాటి కంపా చట్టం ఆ డబ్బు కోసమే. 2015లో తెలంగాణ హరితహారం మొదలుపెట్టింది. నాటడానికి అటవీ శాఖకు సులువుగా కనిపించే ఖాళీ జాగా పోడు భూమి. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ప్లాంటేషన్ గొడవ ముదిరి, గుత్తికోయల దాడిలో ఒక అటవీ రేంజ్ అధికారి ప్రాణం పోయింది. ఆ హత్యను ఏ వాదనా సమర్థించదు. విధి నిర్వహణలో ఉన్న మనిషి ఆయన. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఎక్కడో పోయిన అడవికి బదులుగా నాటిన మొక్క, అందరికంటే తక్కువ కార్బన్ ఖర్చు చేసే మనిషి చేలో ఎందుకు మొలవాలి?

రాజనీతిశాస్త్రం చదువుకున్న రోజుల్లో మాకొక పాఠం ఉండేది. 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ధనిక దేశాల్ని నిలదీస్తూ, బతకడానికి వదిలే పొగనూ విలాసానికి వదిలే పొగనూ ఒకే గాటన కట్టొద్దన్నారు. మరుసటి ఏడాది రియో ఒప్పందంలో బాధ్యత అందరిదీ అయినా అందరికీ సమానం కాదన్న సూత్రం చేరింది. అప్పటి నుంచీ ప్రతి అంతర్జాతీయ వేదిక మీదా భారత్ వినిపించేది ఆ మాటే. న్యాయమైన మాటే. కానీ 2007లో గ్రీన్‌పీస్ ఇండియా ఒక నివేదికలో దాన్ని ఇంటివైపు తిప్పింది. మన సంపన్నులు పేదల వెనక దాక్కుంటున్నారని అంది. దేశం తలసరి సగటు తక్కువగా ఉందంటే అందులో సుక్మా లాంటి చోట్ల బతికే వాళ్ల వాటా ఉంది. వాళ్ల పేదరికం మన వాదనకు బలం. ఆ బలానికి వాళ్లకు ముట్టిందేమిటి?

దీనర్థం సుక్మా ఎప్పటికీ ఇలాగే ఉండాలని కాదు. దోర్నాపాల్ నుంచి జగర్‌గుండా వెళ్లే రోడ్డు చూస్తే ఆ మాట అనే ధైర్యం ఎవరికీ రాదు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర ఆ రోడ్డు పనులకు కాపలా ఉన్న సీఆర్‌పీఎఫ్ జవాన్లు 25 మంది చనిపోయారు. ఆ కేసులో అయిదేళ్లు జైల్లో మగ్గిన 121 మంది ఆదివాసులు నిర్దోషులని 2022లో కోర్టు తేల్చింది. ఇంత మూల్యం చెల్లించిన రోడ్డు మీద ఇప్పుడు మోటార్‌సైకిళ్లు తిరుగుతున్నాయి. బల్బు వెలగాలి, ఫ్యాను తిరగాలి, పురుడొస్తే ఆస్పత్రికి బండి రావాలి. ఆ కాస్త పొగ వాళ్ల హక్కు. మన ట్రాఫిక్‌లో నిలబడ్డ కార్ల పొగ ముందు అదెంత?

ఇక్కడే రామచంద్ర పత్రంలో హైదరాబాద్ గురించి ఇచ్చిన ఒక అంకె పనికొస్తుంది. నగరం వదిలే కార్బన్‌లో రవాణా వాటా దాదాపు 57 శాతం. ఇళ్ల వాటా 17, పరిశ్రమల వాటా 11 చిల్లర. ఏడు నగరాల్లోనూ రవాణా వాటా ఇంతగా ఉన్నది మరొకటి లేదు. బెంగళూరులో కూడా అది 43 శాతమే. లెక్క పాతదే, 2017 నవంబర్‌లో మెట్రో వచ్చింది కూడా. కానీ రోగం ఎక్కడుందో ఆ అంకె చెబుతోంది. చేతికందే దూరంలో ఉన్న రోగమిది. బస్సులు పెంచడం, స్టేషన్ నుంచి ఇంటిదాకా నడవడానికి ఫుట్‌పాత్ వేయడం, ఆఫీసులన్నీ ఒకే మూలకు పోగుపడకుండా చూడడం. ఏదీ అసాధ్యం కాదు. కష్టమల్లా కారున్నవాడిని నొప్పించాల్సి రావడం. పోడు రైతును నొప్పిస్తే ఓట్లకు అంత నష్టం రాదు.

నగరాల కార్బన్ లెక్కలు ఇంకా వస్తాయి, రావాలి కూడా. వాటికి ఒక గడి కలపమని శాస్త్రవేత్తల్నీ ప్రణాళికలు రాసేవాళ్లనీ అడగాలనిపిస్తుంది. ఉక్కు ఏ కొండది, కరెంటు ఏ నదిది, నాటిన మొక్క ఎవరి భూమిలోది అని రాసే గడి. నింపడం మొదలుపెడితే సుక్మా పేరు అందులో చాలాసార్లు వస్తుంది. పొగ వదిలిన జిల్లాగా కాదు, అప్పిచ్చిన జిల్లాగా.